గోల్ఫ్ రౌండ్‌లో టెన్షన్ పడకుండా నిమ్మళంగా ఆడటం ఎలా?

"రేంజ్‌లో బంతి చెప్పినట్టు వింటుంది సార్, కోర్సులోకి వెళ్ళగానే ఏమవుతుందో అర్థం కాదు." ఈ మాట నేను తరచూ వింటుంటాను (రేంజ్ అంటే ప్రాక్టీస్ చేసే చోటు). మొదటి టీ (హోల్‌లో తొలి షాట్ కొట్టే చోటు) మీద చేతులు వణుకుతున్నాయని ఒకరంటారు. మూడో హోల్‌లో ట్రిపుల్ బోగీ (పార్, అంటే హోల్‌కు లెక్క ప్రకారం పట్టాల్సిన షాట్ల కంటే మూడు ఎక్కువ) పడితే ఆ రోజు ఆట అక్కడితో అయిపోయినట్టేనని ఇంకొకరంటారు. అందరూ చివరికి అడిగేది ఒకటే: నాలుగు గంటల పాటు మనసును అదుపులో పెట్టుకోవడం ఎలా?

నాలుగు గంటలూ అదుపులో పెట్టుకోవాలని చూడకండి, అది ఎవరి వల్లా కాదు. రౌండ్‌కు 90 షాట్లు కొట్టే ఆటగాడి లెక్కే తీసుకోండి. ఒక స్వింగ్‌కు రెండు సెకన్లు కూడా పట్టదు. అంటే రౌండ్ మొత్తంలో క్లబ్ కదిలేది మూడు నిమిషాల లోపే. ప్రతి షాట్‌కు ముందు చూసుకోవడం, నిలబడటం కలిపి అర నిమిషం వేసుకున్నా ముప్పావు గంట అవుతుంది. మిగిలిన మూడు గంటల పైచిలుకు నడకకు, ఎదురుచూడటానికి పోతుంది. టెన్షన్ పెరిగేది ఆ ఖాళీలోనే. ఆ ఖాళీని ఎలా గడపాలో తెలిస్తే షాట్ దగ్గర పెద్దగా చేయాల్సింది ఉండదు.

నాకు ఈ సంగతి నేర్పింది గోల్కొండ నయాకిలా దగ్గరి కోర్సులో ఒక పెద్దవయసు క్యాడీ. టీ షాట్ చెట్లలోకి పోయింది. నేను బంతి వెంట దాదాపు పరుగెత్తుతున్నాను. ఆయన నా బ్యాగు భుజం మార్చుకుని, "యాడికి పోతది సార్ బంతి? నిమ్మళంగ నడువుండ్రి" అన్నాడు. బంతి దగ్గరికి చేరేసరికి నా ఊపిరి కుదుటపడింది, చెట్ల మధ్య సందు కూడా కనిపించింది. కింద రాసిన పద్ధతికి మూలం ఆ ఒక్క మాటే.

కావలసినవి

- స్కోర్ కార్డు, పెన్సిల్. ఫోన్ యాప్ కంటే కాగితం మేలు. యాప్ తెరిస్తే పక్కనే వాట్సాప్ పిలుస్తుంది.
- మామూలుగా వాడే బంతులే ఐదారు. బ్యాగులో చివరి బంతి మిగిలిందన్న భయంతో ఎవరూ బాగా కొట్టలేరు.
- రెండు లీటర్ల నీళ్ళు. ఎండాకాలమైతే ఉప్పు వేసిన మజ్జిగో, నిమ్మరసమో అదనంగా.
- రెండు అరటిపండ్లు, పల్లీ పట్టీ లేదా వేయించిన శనగలు.
- తువ్వాలు, గ్లవ్. గ్లవ్‌తో ఇంకో పని కూడా ఉంది, 5వ అంచెలో చెబుతాను.
- టీ టైమ్‌కు (ఆట మొదలుపెట్టాల్సిన వేళకు) ముందు 40 నిమిషాలు. వీటన్నిటిలో జనం ఎగ్గొట్టేది దీన్నే.

1. కార్డు మీద మీ సొంత పార్ రాసుకోండి

కోర్సు పార్ 72 అనేది స్క్రాచ్ ఆటగాడి (హ్యాండిక్యాప్ సున్నా ఉన్నవారి) కోసం. మీ కోర్స్ హ్యాండిక్యాప్ (మీ స్థాయిని బట్టి ఆ కోర్సులో మీకు అదనంగా దొరికే స్ట్రోక్‌ల, అంటే షాట్ల సంఖ్య) 18 అయితే ప్రతి హోల్‌కూ ఒక స్ట్రోక్ మీకు వస్తుంది. పార్ 4 మీకు 5. హ్యాండిక్యాప్ 24 అయితే అన్నిటికీ ఒకటి, స్ట్రోక్ ఇండెక్స్ (కార్డు మీద హోల్స్ కష్టం వరుస, 1 అంటే అన్నిటికంటే కష్టం) 1 నుంచి 6 వరకు ఉన్న హోల్స్‌కు ఇంకొకటి. అంటే ఇండెక్స్ 3 ఉన్న పార్ 4 మీకు 6. రౌండ్‌కు ముందే పెన్సిల్‌తో ప్రతి హోల్ పక్కన ఈ అంకె వేసుకోండి.

ఇది మనసును బుజ్జగించే మాట కాదు, హ్యాండిక్యాప్ లెక్కే అది. 24 హ్యాండిక్యాప్ ఉన్నవారు కష్టమైన పార్ 4 మీద బోగీ చేసి తల పట్టుకుంటే, నిజానికి ఒక స్ట్రోక్ గెలిచి ఏడుస్తున్నట్టు.

హెచ్చరిక: ఈ అంకెను కూడా లక్ష్యం చేసుకుని "ఇక్కడ 5 కొట్టి తీరాలి" అనుకోకండి. ఆ హోల్‌లో ఎంతవరకు ఫరవాలేదో తెలియడానికే అది.

2. రేంజ్‌లో స్వింగ్ బాగు చేయడానికి కూర్చోకండి

రౌండ్‌కు ముందు కొట్టే 25, 30 బంతులు ఒళ్ళు వేడెక్కడానికే. ఆ రోజు బంతి కాస్త కుడికి పోతుంటే పోనివ్వండి, కోర్సులో కాస్త ఎడమకు గురిపెట్టండి. టీ టైమ్‌కు పది నిమిషాల ముందు గ్రిప్ మార్చుకుని మొదటి టీకి వెళ్ళేవాళ్ళను ప్రతి ఆదివారం చూస్తాను. వాళ్ళ మొహంలో ఆ కంగారు మూడు హోల్స్ వరకు పోదు.

చివరి ఐదు బంతులు మొదటి టీ మీద వాడబోయే క్లబ్‌తోనే కొట్టండి. ఆ తర్వాత పుటింగ్ గ్రీన్ మీద రెండడుగుల దూరం నుంచి పది పుట్లు (బంతిని కప్పులోకి దొర్లించే షాట్లు) వేయండి. బంతి కప్పులో పడే చప్పుడు చెవిలో ఉండగానే మొదటి టీకి నడవండి.

ఆలస్యమైపోతే: రేంజ్ వదిలేయండి, పుట్లు మాత్రం వదలకండి. భుజాలు పదిసార్లు తిప్పి, రెండు క్లబ్‌లు కలిపి పట్టుకుని నెమ్మదిగా ఊపితే చాలు.

3. మొదటి టీ: ముందు దవడ, తర్వాత ఊపిరి

వెనక రెండు ఫోర్‌బాల్స్ (నలుగురేసి ఆడే గుంపులు) నిలబడి చూస్తున్నప్పుడు టెన్షన్ ముందు చేరేది దవడలోకి, ఆ తర్వాత భుజాలు, ఆపైన చేతులు. అందుకే పైనుంచి విడిపించుకుంటూ రావాలి.

పళ్ళు కరుచుకుని ఉన్నారేమో చూసుకుని పై వరుసకూ కింది వరుసకూ మధ్య సందు ఇవ్వండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. రెండుసార్లు చాలు. నిశ్వాసం పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. గాలి బిగబట్టకండి, గట్టిగా పీల్చి ఛాతీ ఉబ్బించకండి. అలా చేస్తే భుజాలు పైకి లేస్తాయి, టెన్షన్ పెరుగుతుంది.

ఇప్పుడు బొటనవేలి గోరు చూడండి. గోరు తెల్లబడి ఉంటే క్లబ్‌ను పీక నొక్కినట్టు పట్టుకున్నారని అర్థం. గోరు మళ్ళీ గులాబీ రంగుకు వచ్చేదాకా వదులు చేయండి. నాకు తెలిసిన అన్ని పరీక్షల్లో ఇది సులువైనది, దీనికి ఒక్క సెకను చాలు. గ్లవ్ ఉన్న చేతికి గోరు కనిపించదు కాబట్టి రెండో చేయి చూసుకోండి.

డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) మీద నమ్మకం లేని రోజు హైబ్రిడ్ (దూరం కాస్త తగ్గినా కొట్టడానికి సులువైన క్లబ్) తీయండి. గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ లాంటి చోట బండరాళ్ళ మధ్య నుంచి కొట్టాల్సి వచ్చినప్పుడు, 30 గజాలు తక్కువ పడ్డా ఫెయిర్‌వేలో (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారిలో) ఉన్న బంతిని చూస్తే కలిగే నెమ్మది వేరు.

4. బంతి వెనక ఒక గీత ఉందనుకోండి

బంతికి రెండడుగుల వెనక నేల మీద ఒక గీత ఊహించుకోండి. గీతకు ఇవతల ఉన్నంతసేపు ఆలోచించండి: దూరం ఎంత, గాలి ఎటు, ఏ క్లబ్, ఎక్కడ వేయాలి. గీత దాటాక ఆలోచన లేదు, కొట్టడమే. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలి ఒక్కోసారి నిలబడ్డాక మారుతుంది. అలా మారిందనిపిస్తే బంతి మీద నిలబడి లెక్కలు వేయకండి. వెనక్కి అడుగేసి గీత ఇవతలికి వచ్చి మళ్ళీ మొదలుపెట్టండి.

గీత ఇవతల చేయాల్సింది ఇంతే:

- దూరంగా ఒక చిన్న గుర్తు ఎంచుకోండి. "ఫెయిర్‌వే" అని కాకుండా "ఆ తాటిచెట్టు కుడి పక్క" అనుకోండి.
- ఆ గుర్తుకూ బంతికీ మధ్య, బంతికి అడుగున్నర ముందు ఒక ఎండుటాకో, పాత డివోటో (క్లబ్ తగిలి గడ్డి లేచిన గుర్తు) చూసి పెట్టుకోండి. నిలబడేటప్పుడు క్లబ్ మొహాన్ని దానికి సరిచేయండి.
- ఒక్క ప్రాక్టీస్ స్వింగ్. మూడోది, నాలుగోది చేస్తున్నారంటే ఇంకా ఏ షాటో తేల్చుకోలేదన్నమాట.

గీత దాటాక పది, పన్నెండు సెకన్లలో కొట్టేయండి. మొత్తం అర నిమిషానికి మించకూడదు. మీ వంతు వచ్చాక 40 సెకన్లలోపు కొట్టమని రూల్స్ కూడా సూచిస్తున్నాయి. బంతి మీద విగ్రహంలా నిలబడేకొద్దీ చేతులు బిగుసుకుపోతాయి.

ఎడమ పక్క నీళ్ళున్నప్పుడు చాలామంది "నీళ్ళలో వేయకూడదు, నీళ్ళలో వేయకూడదు" అనుకుంటూ నిలబడతారు. మనసులో అప్పుడు ఉన్నది నీళ్ళే. క్యాడీని అడిగే ప్రశ్న మార్చండి. "ఓబీ (కోర్సు హద్దు బయట) ఎటు ఉంది?" అనకుండా "ఎక్కడ వేస్తే బాగుంటుంది?" అనండి. క్యాడీ వేలు చూపిస్తాడు, మీ కళ్ళు అటే పోతాయి.

5. షాట్ అయ్యాక: గ్లవ్, పది అడుగులు

మంచి షాటైనా చెత్త షాటైనా బంతి ఆగేదాకా చూడండి. తర్వాత పది అడుగులు. ఆ పది అడుగుల్లో కోపం రావచ్చు, విసుక్కోవచ్చు, మనసులో తిట్టుకోవచ్చు. పదో అడుగు దగ్గర గ్లవ్ తీసి జేబులో పెట్టుకోండి, దాంతో ఆ షాట్ ముగిసినట్టు. టైగర్ వుడ్స్ కూడా ఇలాంటి పది అడుగుల లెక్కే పాటిస్తాడని గోల్ఫ్ లోకంలో చాలాకాలంగా చెప్పుకుంటారు.

కోపమే రాకూడదని మొదటి నుంచీ అణచుకునేవాళ్ళకు అది 14వ హోల్ దగ్గర ఒక్కసారిగా బయటికొస్తుంది. దానికి హద్దు పెడితే చాలు. క్లబ్ విసరడం, నేలకేసి కొట్టడం మాత్రం ఆ పది అడుగుల్లో కూడా వద్దు. పక్కవాళ్ళకు దెబ్బ తగలొచ్చు, షాఫ్ట్ విరగొచ్చు, పైగా ఆ తర్వాత సిగ్గుతో ఇంకో రెండు హోల్స్ పోతాయి.

కార్టులో తిరిగేవారికి: అమెరికాలో ఆడే మనవాళ్ళకు చాలా కోర్సుల్లో కార్టు తప్పదు. షాట్ అవ్వగానే కార్టు ఎక్కి తర్వాతి బంతి పక్కన దిగితే మనసు సర్దుకునే వ్యవధే ఉండదు. స్నేహితుణ్ని కార్టు నడపమని చెప్పి చివరి 40, 50 గజాలు దిగి నడవండి. అదీ కుదరకపోతే పది అడుగుల బదులు పది శ్వాసలు లెక్కపెట్టండి.

6. నడిచేటప్పుడు తల ఎత్తండి

నేల చూస్తూ నడిస్తే మనసు పాత షాట్ చుట్టూనే తిరుగుతుంది. చెట్ల కొసలు, ఆకాశం, కోట గోడ, చూపు పైకి పోయేది ఏదైనా సరే చూడండి. పక్కనున్నవారితో ఆటకు సంబంధం లేని కబుర్లు చెప్పండి, పిల్లల చదువులు, నిన్నటి క్రికెట్, ఏదైనా. బంతికి ఇరవై అడుగుల దూరంలోకి వచ్చాక మాట ఆపి మళ్ళీ ఆటలోకి రండి, గ్లవ్ తొడుక్కోండి.

మౌనంగా ఉంటేనే ఏకాగ్రత అనుకునేవారు ఒక్క రౌండ్ ఇలా ఆడి చూడండి.

7. ఘోరం జరిగిన హోల్‌లో ఏం చేయాలి

ఎక్కువమంది రౌండ్ పాడయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

1999 బ్రిటిష్ ఓపెన్, కార్నూస్టీ. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ మూడు షాట్ల ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చాడు. 6 కొట్టినా టైటిల్ అతనిదే. డ్రైవర్ తీశాడు, బంతి బాగా కుడికి పోయింది. అప్పుడైనా ఒక చిన్న షాట్‌తో ముందుకు జరుపుకొని ఉంటే సరిపోయేది. గ్రీన్ మీదికే గురిపెట్టాడు. బంతి ప్రేక్షకుల స్టాండ్‌కు తగిలి రఫ్‌లో (పొడుగు గడ్డిలో) పడింది, తర్వాతి షాట్ కాలువలోకి పోయింది. చివరికి 7. ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు.

ఇక 2025 మాస్టర్స్, అగస్టా. రోరీ మెకిల్‌రాయ్ ఆఖరి రోజు మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ చేశాడు. 13వ హోల్‌లో వెడ్జ్‌తో బంతిని నీళ్ళలో వేసి ఇంకో డబుల్ బోగీ. 18వ హోల్‌లో గెలుపు పుట్ తప్పిపోయి ప్లేఆఫ్ తప్పలేదు. అక్కడ మొదటి హోల్‌లోనే బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) కొట్టి జస్టిన్ రోజ్ మీద గెలిచాడు. అదే అగస్టాలో 2011లో నాలుగు షాట్ల ఆధిక్యంతో ఆఖరి రోజు మొదలుపెట్టి 80 కొట్టిన మనిషి ఇతనే. ఒకే రౌండ్‌లో రెండు డబుల్ బోగీలు పడ్డా రౌండ్ పోయినట్టు కాదని నమ్మడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీరు చేయాల్సింది ఇదీ:

ముందు బంతిని దగ్గరి దారిలో ఫెయిర్‌వేకు తెచ్చుకోండి, పక్కకో వెనక్కో అయినా సరే. "పదిలో ఎన్నిసార్లు ఈ షాట్ కొట్టగలను?" అని మిమ్మల్ని మీరే అడగండి. ఏడు కంటే తక్కువైతే ఆ షాట్ వద్దు.

బంతి కోసం వెతకడానికి రూల్స్ ఇచ్చే సమయం మూడు నిమిషాలు. అది కాగానే వదిలేయండి. అనుమానం ఉన్నప్పుడల్లా ముందే ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరకకపోతే వాడుకునేది) కొట్టి ఉంచితే టీ దగ్గరికి వెనక్కి నడిచే అవమానభారం ఉండదు.

హ్యాండిక్యాప్ లెక్కలో ఒక హోల్‌కు గరిష్ఠంగా నెట్ డబుల్ బోగీ (మీ సొంత పార్ కంటే రెండు ఎక్కువ) వరకే తీసుకుంటారు. అంటే 11 కొట్టినా మీ హ్యాండిక్యాప్‌కు ఎక్కేది 7 కావచ్చు. స్టేబుల్‌ఫోర్డ్ (ప్రతి హోల్ స్కోరుకూ పాయింట్లు ఇచ్చే పద్ధతి) ఆడుతుంటే ఆ హోల్‌లో ఇక పాయింటు రాదని తెలియగానే బంతి ఎత్తుకుని హాయిగా తర్వాతి టీకి నడవండి. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఏడాది పాటు స్టేబుల్‌ఫోర్డే ఆడితే మంచిదని నా గట్టి అభిప్రాయం. హెచ్చరిక: మొత్తం షాట్లు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లే పోటీలో మాత్రం ఇలా హోల్ పూర్తి చేయకుండా బంతి ఎత్తుకుని తర్వాతి టీకి వెళ్ళి ఆడితే డిస్‌క్వాలిఫై అవుతారు.

తర్వాతి టీ మీద పోయిన స్ట్రోక్‌లు రాబట్టుకోవాలని చూడకండి. అక్కడ ఎప్పుడూ కొట్టే క్లబ్ కంటే ఒక మెట్టు తక్కువ దూరం పోయేది తీయండి.

8. గ్రీన్ మీద

టీవీలో చూసి మనం పుట్ అన్నాక పడాల్సిందే అనుకుంటాం. ఎనిమిది అడుగుల దూరం నుంచి పీజీఏ టూర్ ఆటగాళ్ళు వేసేవి దాదాపు సగమే. మన పుట్ తప్పిపోయిందని కుంగిపోవడం ఎందుకు? ఇరవై అడుగులకు పైబడిన పుట్‌కు కప్పు చుట్టూ మూడడుగుల వలయం ఊహించుకుని అందులో ఆపండి చాలు. చిన్న పుట్‌కు తల ఎత్తకుండా, బంతి పడే చప్పుడు కోసం చెవి పెట్టండి.

9. తిండి, నీళ్ళు

13 నుంచి 16 మధ్య మనసు పాడైందని చెప్పేవారిలో చాలామందికి నిజానికి ఆకలి, దాహం. మూడు హోల్స్‌కు ఒకసారి నీళ్ళు, 6వ హోల్ దగ్గర ఒక అరటిపండు, 12 దగ్గర శనగలు. సగం ఆట అయ్యాక వచ్చే హట్‌లో (తిండి దొరికే చోట) కడుపు నిండా పరోటాలు తింటే 10వ టీ మీద నిద్రొస్తుంది. బీరు రౌండ్ అయ్యాకే.

హెచ్చరిక: మే నెల ఎండలో తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, చెమట ఆగిపోవడం టెన్షన్ కాదు, ఎండదెబ్బ. ఆట ఆపి నీడకు వెళ్ళండి, సాయం పిలవండి. ఛాతీలో నొప్పి ఉంటే ఊపిరి లెక్కలు వేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వణుకు తగ్గడానికి ఎవరో చెప్పారని బీటా బ్లాకర్ మాత్రలు వేసుకోకండి. డాక్టరు రాయకుండా వాడటం ప్రమాదం, పైగా గోల్ఫ్ పోటీల్లో అవి నిషేధిత మందులు.

10. చివరి మూడు హోల్స్: కూడిక వద్దు

ఒక నెలవారీ మెడల్ పోటీలో 16వ హోల్ అయ్యాక కార్డు తీసి స్కోరు మొత్తం కూడేశాను. నా జీవితంలో అదే మంచి రౌండ్ కాబోతోంది. 17వ టీ మీద రెండు బంతులు ఓబీలోకి పోయాయి, ఆ హోల్‌లో 9 పడింది. స్వింగ్ మారలేదు. మారింది నా తలలోని అంకె. ఆ రోజు నుంచి 18వ గ్రీన్ దిగేదాకా కూడను.

పోటీలో మీ కార్డు మార్కర్ (మీ స్కోరు చూసే మనిషి) రాస్తారు. ప్రతి హోల్ స్కోరు సరిగా ఉందో చూసుకోవడం మీ బాధ్యత, మొత్తం కూడటం కమిటీ పని. కాబట్టి కూడకపోయినా మీకు నష్టం లేదు. పక్కవాళ్ళు "ఎంతమీదున్నారు?" అంటే "చివర్లో చూద్దామండీ" అనేయండి.

తరచూ జరిగే పొరపాట్లు

పాజిటివ్‌గా ఉండటమంటే "ఈసారి అద్భుతంగా కొడతా" అని చెప్పుకోవడం అనుకుంటారు. మనసు దాన్ని నమ్మదు. "7 ఐరన్, ఆ చెట్టు, నెమ్మదిగా" అని చెప్పుకుంటే నమ్ముతుంది, ఎందుకంటే అది చేయగలిగిన పని.

పక్కవాళ్ళు మధ్యలో ఇచ్చే స్వింగ్ సలహాలు వినడం ఇంకో పొరపాటు. "థాంక్యూ అన్నా, రౌండ్ అయ్యాక చెప్పండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. పోటీలోనైతే మీ క్యాడీ, పార్ట్‌నర్ తప్ప ఇంకెవరి సలహా అడిగినా పెనాల్టీయే.

ప్రతి చెడు షాట్‌కూ "సారీ, సారీ" అనడం మానండి. పందెం వల్ల చేతులు బిగుసుకుంటున్నాయనిపిస్తే మొదటి టీ మీదే "ఈ రోజు నేను పందెంలో లేను" అని చెప్పండి. ముందు గ్రూపు నెమ్మదిగా ఆడుతుంటే వాళ్ళనే చూస్తూ నిలబడకుండా నీడలో కూర్చోండి, మీ వంతుకు ముందు రెండు ప్రాక్టీస్ స్వింగ్‌లు వేస్తే ఒళ్ళు మళ్ళీ సిద్ధమవుతుంది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

స్కోరు చూసి తేల్చకండి, ఒక్క రౌండ్‌లో అది గాలిని బట్టి కూడా మారుతుంది. కార్డులో రెండే గుర్తులు పెట్టండి.

మొదటిది: గీత పద్ధతి పాటించకుండా కొట్టిన ప్రతి షాట్‌కూ ఆ హోల్ గడిలో ఒక చుక్క. మొదటి రౌండ్‌లో 40 చుక్కలు వచ్చినా కంగారు పడకండి. అవి ఏ హోల్స్ దగ్గర గుంపుగా ఉన్నాయో చూడండి. మొదటి మూడింట్లో ఉంటే 2, 3 అంచెలు సరిగా చేయలేదు. 13 తర్వాత ఉంటే తిండి, నీళ్ళు చూసుకోండి. చివరి మూడింట్లో ఉంటే కూడుతున్నారన్నమాట.

రెండోది: మీ సొంత పార్ కంటే రెండు, అంతకు మించి ఎక్కువ కొట్టిన హోల్ తర్వాతి హోల్ చుట్టూ సున్న చుట్టండి. ఆ సున్నలో స్కోరు మీ సొంత పార్‌కు ఎంత దగ్గరగా ఉందో ఐదు రౌండ్లు రాసి పెట్టుకోండి. ఆ తేడా తగ్గుతూ వస్తుంటే 5, 7 అంచెలు మీకు అలవాటైనట్టే. తగ్గకపోతే తర్వాతి రౌండ్‌లో మిగతావన్నీ వదిలేసి గ్లవ్, పది అడుగులు మాత్రమే చేయండి, ఆ కార్డును పాత ఐదింటి పక్కన పెట్టి చూసుకోండి.